అయిదో బండి హాజరు

ఆగస్టు 5, సోమవారం

తమ్ముడు కాగితాలు పట్టుకుని నా గదికి వచ్చాడు. వాడి చేతిలో కాగితాలు చూస్తే నాకు గుండెల్లో రాయి పడుతుంది. మొదటిసారి తెచ్చినప్పుడు నీళ్ల బాటిళ్ల వ్యాపారం. రెండోసారి బళ్లు కడిగే యంత్రం. అది ఇంకా గోడ పక్కన గోనెపట్టా కప్పుకుని ఉంది.

ఈసారి సంగతి వేరు అన్నాడు. ప్రతిసారీ అదే అంటాడు. అయినా విన్నాను. నాన్న పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో సంతకం నాది, పరుగు వాడిది.

మా పది స్కూలు వ్యాన్లూ సాయంత్రం అయిదింటికల్లా షెడ్డు చేరతాయి. మర్నాడు ఉదయం ఆరున్నర దాకా ఊరికే పడి ఉంటాయి. బ్యాటరీల్లో సగం కరెంటు మిగిలే ఉంటుంది. ఆరు నుంచి తొమ్మిది దాకా ఊళ్లో అందరూ అన్నీ ఒక్కసారే వేస్తారు, విద్యుత్ సంస్థకు కరెంటు చాలదు. ఆ మూడు గంటలూ మా బళ్లు తమ దగ్గరున్నది వాళ్లకు ఎక్కువ ధరకు ఇస్తాయి. అందరూ నిద్రపోయాక తక్కువ ధరకు మళ్లీ నింపుకుంటాయి. చార్జరు రెండు వైపులా పని చేస్తుందట.

"ఇచ్చిపుచ్చుకునే చార్జరు అక్కా," అన్నాడు.

మరదలు గుమ్మంలోంచే అంది: "మీ అక్కాతమ్ముళ్లకి ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం రాదు వదినా. బళ్లయినా నేర్చుకోనివ్వండి."

నేను నవ్వాను. వాడు నవ్వలేదు. వచ్చే ఏడాది నుంచి స్కూలు వాళ్లు కిరాయి తగ్గిస్తున్నారు. ఈ దారి కుదరకపోతే రెండు బళ్లు అమ్మాలి, ఇద్దరు డ్రైవర్లను పంపెయ్యాలి. ఆ మాట నా మొహం చూడకుండా చెప్పాడు.

"రోజూ పది బళ్లూ షెడ్డులోనే ఉంటాయని ఎలా తెలుసు?" అన్నాను.

"నీ లాగ్ పుస్తకం చూశాను. మూడేళ్లది. ఒక్క రోజు తప్పకుండా పదికి పది. ఇంత శుభ్రమైన పుస్తకం ఊళ్లో ఇంకెవరి దగ్గర ఉంటుంది?"



ఆగస్టు 6, మంగళవారం

ఇక్కడ కూడా ఎప్పుడూ రాయలేదు. రాస్తే తేలికవుతుందేమో.

సోమ, బుధ, శుక్రవారాల సాయంత్రం అయిదో బండి షెడ్డులో ఉండదు. దాని డ్రైవరు, నిదానంగా నడుపుతాడని పిల్లలంతా నత్త తాత అని పిలిచే పెద్దాయన, భార్యను డయాలిసిస్‌కు తీసుకెళతాడు. ఊరికి ఆ చివర. అయిదున్నరకు బయల్దేరితే తొమ్మిదిన్నరకు వస్తారు. అది ముగిశాక ఆవిడ బస్సులో నిలబడలేదు. ఆవిడే అయిదో బండిలో ఆయమ్మ. పొద్దున్నా సాయంత్రం పిల్లల్ని ఎక్కించి దించేది ఆవిడే. జబ్బు సంగతి స్కూలుకు తెలిస్తే ఒక్క పూట ఉంచరని తాత భయం. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. బండి నేనే ఇచ్చాను. రెండేళ్లయింది.

పుస్తకంలో 'షెడ్డులో' అని రాస్తున్నాను. 'ఎవరి అనుమతి' అన్న గడి ఖాళీగా వదిలేస్తున్నాను. బయటికి వెళ్లని బండికి అనుమతి దేనికి?

అబద్ధం కాదు. పది కొట్టేసరికి బండి షెడ్డులోనే ఉంటుంది.

తేలికవలేదు.

ఆగస్టు 8, గురువారం

విద్యుత్ సంస్థ నుంచి అధికారి వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి కొండ లాంటి బొమ్మ చూపించాడు. సాయంత్రం వాడకం ఎలా పైకి లేస్తుందో అది. "ఈ కొండని మనం కరిగించాలండీ" అని నాలుగుసార్లు అన్నాడు. ఆయన వెళ్లగానే మరదలు కొండాయన అని పేరు పెట్టేసింది.

షరతు ఒక్కటే. పది బళ్లకు తక్కువైతే పథకం లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆరింటికి పదీ తీగకు తగిలించి ఉండాలి. ముందు ఒక నెల పరీక్ష. చార్జర్లు వాళ్లే తెచ్చి పెడతారు. హాజరు బాగుంటే అయిదేళ్ల ఒప్పందం, అప్పుడు చార్జర్లు మనం కొనుక్కోవాలి, బ్యాంకు అప్పు మీద నా సంతకం.

"బళ్లు నిజంగా ఉంటాయని నమ్మకమేంటండీ?" అన్నాడు కొండాయన.

తమ్ముడు నా పుస్తకం తీసి ఆయన ముందు పెట్టాడు. "మా అక్క రాసిందండీ," అన్నాడు.

కొండాయన రెండు పేజీలు తిప్పి మూసేశాడు.

ఆగస్టు 17, శనివారం

వ్యాన్ల కంపెనీ వాళ్లు అంటున్నారు, కరెంటు వెనక్కి ఇస్తే బ్యాటరీ వారంటీ ఉండదు, విద్యుత్ సంస్థ హామీ ఇస్తే ఆలోచిస్తామని. విద్యుత్ సంస్థ వాళ్లు అంటున్నారు, వ్యాన్ల కంపెనీ ఉత్తరం తెస్తేనే హామీ అని. తమ్ముడు ఇద్దరి మధ్యా బంతిలా తిరుగుతున్నాడు.

ఆగస్టు 21, బుధవారం

వ్యాన్ల కంపెనీకి నేనే ఫోను చేశాను. "మీ ఫైలు పైకి వెళ్లిందమ్మా" అంది ఒకమ్మాయి. పైన ఎవరు అంటే తెలియదంది. నేను రోజూ ప్రార్థనలో పైకి పంపుకునేవాటికి కూడా జవాబు ఆలస్యమవుతుంది గానీ, అక్కడ ఎవరున్నారో మాత్రం తెలుసు.

ఆగస్టు 22, గురువారం

అదే ఫోను. అదే మాట.

ఆగస్టు 30, శుక్రవారం

వ్యాన్ల కంపెనీ ఉత్తరం వచ్చింది. అందులో మా బండి నంబరు ఒకటి తప్పు. మళ్లీ పంపాలి.

ఈ పని ఇక్కడే ఆగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. తమ్ముడి మొహం చూసి సిగ్గుపడ్డాను.

సెప్టెంబరు 6, శుక్రవారం

దిద్దిన ఉత్తరం అందింది, చార్జర్లు వచ్చాయి. షెడ్డులో పది తెల్ల పెట్టెలు, ఒక్కోదానికి లావుపాటి నల్ల తీగ. తమ్ముడు గోడ మీద హాజరు పట్టిక గీశాడు. బళ్లకు హాజరేమిట్రా అంటే, "పిల్లల బళ్లు కదక్కా, స్కూలు పద్ధతే" అన్నాడు. చాన్నాళ్లకు వాడు హుషారుగా ఉన్నాడు. నిచ్చెన మీద నిలబడి ఈల వేశాడు.

ఇప్పుడు చెబితే ఆ ఈల ఆగిపోతుంది.

దారి దొరికింది. పరీక్ష నెలంతా ఆయమ్మకు అద్దె కారు నేను మాట్లాడతాను. బండి షెడ్డులోనే ఉంటుంది. పుస్తకంలో రాసిందే నిజమవుతుంది. నెల తర్వాత సంగతి దేవుడు చూసుకుంటాడు.

తాతతో చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు. "నెల తర్వాతో అమ్మా?" అన్నాడు.

"చూద్దాం."

"మీరు చూద్దాం అన్నారంటే చూస్తారు లెండి."

సెప్టెంబరు 9, సోమవారం

పదికి పది. తమ్ముడు ఫోనులో పది పచ్చ చుక్కలు. ఇంట్లో అందరికీ చూపించాడు. మరదలికి రెండుసార్లు.

సెప్టెంబరు 11, బుధవారం

పదికి పది.

సెప్టెంబరు 13, శుక్రవారం

పదికి పది. ప్రార్థనలో కూర్చుంటే అద్దె కారు వచ్చిందో లేదో అన్నదే ధ్యాస.

సెప్టెంబరు 18, బుధవారం

అద్దె కారు రాలేదు. టైరు పోయిందట. తాత అరగంట చూసి అయిదో బండి తీసుకెళ్లాడు. మరేం చేస్తాడు?

ఆరున్నరకు తమ్ముడు ఫోను పట్టుకుని షెడ్డుకు పరుగెత్తాడు. తొమ్మిది పచ్చ, ఒకటి ఎరుపు. ఖాళీ గడి ముందు తీగ వేలాడుతుంటే దాన్ని చేత్తో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. పైనుంచి చూశాను.

రేపు చెబుతాను.

సెప్టెంబరు 19, గురువారం

పొద్దున ఆరింటికి షెడ్డులో గొంతులు. నా కిటికీ సరిగ్గా దాని మీదికే.

"నిన్న సాయంత్రం అయిదో బండి ఎక్కడికి పోయింది?" తమ్ముడు.

"పని మీద పోయింది బాబూ."

"ఎవరి పని?"

"నా పనే."

"ఎవర్నడిగి తీశావు?"

వాడు పుట్టకముందు నుంచీ తాత మా దగ్గర ఉన్నాడు. ఇన్నేళ్లలో వాడు ఆయన్ని మీరు అనే పిలిచాడు. ఈ రోజు నువ్వు అన్నాడు.

తాత "అడగలేదు. తప్పే," అన్నాడు.

"ఇది మొదటిసారా?"

తాత తల దించుకుని తన బూట్ల వైపు చూశాడు.

"బండి అద్దెకి తిప్పుతున్నావా? నా బళ్లతో నువ్వు సంపాదించుకుంటున్నావా?"

వెనకెవరో డ్రైవరు నవ్వుతూ అన్నాడు: "నత్త దొంగతనానికి వెళితే దొరక్క చస్తుందా?" ఇద్దరు ముగ్గురు నవ్వారు.

తాళంచెవి బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తాత నా కిటికీ వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే దిగి వెళ్లేదాన్ని.

ఈ వాక్యం మళ్లీ చదివాను. చూడకపోయినా దిగచ్చు. మెట్లు పధ్నాలుగే.

సెప్టెంబరు 20, శుక్రవారం

తమ్ముడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్లాడు. వచ్చాక తలనొప్పి అన్నాడు. చెప్పడం కుదరలేదు.

అయిదో బండికి కొత్త డ్రైవరు. పిల్లలు "కొత్త అంకుల్ బండి ఎగిరిపోతోంది" అని కేకలు. ఇద్దరు వాంతి చేసుకున్నారు. ఆయమ్మ కడిగింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది, ఎప్పటిలాగే.

సాయంత్రం అద్దె కారు పంపాను. ఖాళీగా తిరిగి వచ్చింది. "వద్దన్నాడమ్మా పెద్దాయన. ఆవిడేమో లోపల్నించి వెళదామంటోంది, ఈయన వినడు," అన్నాడు కారతను.

మాట ఇచ్చాను కాబట్టి చెప్పలేకపోతున్నాను. అంతే. ఇచ్చిన మాట.

సెప్టెంబరు 21, శనివారం

రేపు.

సెప్టెంబరు 22, ఆదివారం

ఉదయం ప్రార్థన సగంలో లేచి వాళ్లింటికి వెళ్లాను. అలా సగంలో ఎప్పుడూ లేవలేదు.

రెండు గదుల ఇల్లు. తాత బయట అరుగు మీద కూర్చుని బూట్లు తుడుస్తున్నాడు. ఉద్యోగం లేదు, బూట్లు మెరుస్తున్నాయి. నన్ను చూసి లేచాడు, కూర్చోమనలేదు.

లోపల ఆయమ్మ గోడకు చేరగిలబడి ఉంది. మొహం ఉబ్బింది. పాదాలు ఉబ్బి చెప్పుల్లో దూరేలా లేవు. బుధవారం తర్వాత డయాలిసిస్ లేదు. మాట మాటకూ ఆయాసం.

"కారు వద్దని ఎందుకన్నారు?" అన్నాను తాతతో.

"దొంగని అన్నాక మీ డబ్బుతో కారెక్కితే అది నిజమవుతుందమ్మా."

ఆయమ్మ కసిరింది. "నీ రోషానికి నా ప్రాణం ఎందుకయ్యా అడ్డు?" నా వైపు తిరిగింది. "అమ్మా, చెప్పొద్దని మాట తీసుకుంది ఆయన. నేను కాదు. నన్నడిగితే చెప్పెయ్యమనేదాన్ని."

"ఉద్యోగం పోతే?"

"పోతే పోనీండి. నలభై ఏళ్లు ఒక్క గీత పడకుండా బండి తోలాడు. దొంగ అనిపించుకుని ఇంట్లో కూర్చుంటే నేను చూస్తూ ఉండాలా?" ఊపిరి తీసుకుంది. "మీరు రోజూ దేవుడితో మాట్లాడతారు. తమ్ముడుగారితో ఒక్కసారి మాట్లాడలేకపోయారా అమ్మా?"

ఆవిడ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది.

డయాలిసిస్ కేంద్రానికి ఫోను చేశాను. తప్పిపోయినవాళ్ల కోసం ఆదివారం ఒక విడత పెడతారట, సాయంత్రం ఆరింటికి. రమ్మన్నారు. ఆయాసం పెరిగితే ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. తాతకు రెండుసార్లు చెప్పి వచ్చాను.

ఇంటికి వచ్చి తమ్ముణ్ణి షెడ్డుకు పిలిచాను. పది బళ్లూ వరసగా ఉన్నాయి. లాగ్ పుస్తకం చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను. నేను ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి ఎన్నేళ్లయిందో.

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది.

"బండి ఇచ్చినందుకు నేనేమనేవాణ్ణి? ఇవ్వమనేవాణ్ణి కాదా?"

"అనేవాడివి."

"మరి?"

"అడగాలనిపించలేదు."

"అడగాలనిపించలేదు," వాడు నా మాటే తిప్పి అన్నాడు. "అక్కా, లెక్కంతా నీ రాత మీద కట్టాను. ఆ అధికారి రుజువు అడిగితే మా అక్క రాసిందన్నాను. ఇంకో రుజువు ఆయన అడగలేదు. నేనే అడగనివ్వలేదు. నీ దృష్టిలో నేను ఏదైనా చెబితే పాడుచేసేవాణ్ణి. నీళ్ల బాటిళ్ల వాణ్ణి."

కాదు అనబోయాను. కొంత అదే.

"ఇంకేమైనా ఉన్నాయా?"

ఉన్నాయి. మంగళ, గురువారాలు రెండో బండి. దాని డ్రైవరు కొడుక్కి కాలు విరిగి, సాయంత్రాలు కట్టు మార్పించడం, నడక నేర్పించడం. అది నెలన్నర అనుకున్నది ఏడాదయింది. నెలకు రెండు గురువారాలు ఎనిమిదో బండి, అంధుల హాస్టలు వాళ్లకు. ఒక్కొక్కరికీ ఎవరికీ చెప్పొద్దన్నాను. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. చెబుతుంటే నాకే వింతగా ఉంది.

వాడు హాజరు పట్టిక వైపు చూస్తూ నిలబడ్డాడు. "పరీక్ష మొదలయ్యాక రెండో బండి ఉంది కదా?"

"వాళ్లకీ కారు పెట్టాను."

"ఏ సాయంత్రమైనా పది బళ్లూ నిజంగా షెడ్డులో ఉన్నాయా అక్కా?"

"శని, ఆదివారాలు ఉంటాయి."

వాడికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. బండికి ఆనుకుని నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుకు వచ్చిన నీళ్లో కాదో నేను చూడలేదు.

అయిదింటికి అయిదో బండి తీగ వాడే పీకాడు. తాత ఇంటి ముందు ఆపి దిగి, తాళంచెవి చాపాడు.

"మీరు నడపండి," అన్నాడు.

తాత వెంటనే తీసుకోలేదు. వాడు చెయ్యి అలాగే ఉంచాడు. చివరికి తాత తీసుకుని, సీటు ముందుకు జరుపుకుంటూ అన్నాడు: "ఎంత వెనక్కి జరిపారయ్యా దీన్ని! నా కాళ్లేమైనా తాడిచెట్లా?"

ఆయమ్మ, తమ్ముడు వెనక కూర్చున్నారు. నేను ఇంటికి నడిచి వచ్చాను.

సెప్టెంబరు 23, సోమవారం

ఆయమ్మకు ఉబ్బు తగ్గింది. వారం రోజులు పనికి రావద్దన్నాను. తమ్ముడు తాతకు డ్రైవర్లందరి ముందూ క్షమాపణ చెప్పాడు. కారణం చెప్పలేదు. "బండి అక్క పంపింది, నాకు తెలియదు," అన్నాడంతే. నవ్విన డ్రైవరు తాతకు తన బీడీ కట్ట ఇవ్వబోయాడు. "ఊపిరితిత్తులు నావి, ఉంచుకో," అన్నాడు తాత.

స్కూలు సంగతి అడిగాను. "నేనుగా చెప్పను. అడిగితే అబద్ధం ఆడను," అన్నాడు తమ్ముడు. అంతకంటే నేను అడగలేను.

సెప్టెంబరు 24, మంగళవారం

తమ్ముడు తనే విద్యుత్ సంస్థకు వెళ్లి నిజమైన లెక్క ఇచ్చాడు. ప్రతి సాయంత్రం ఖాయంగా ఉండేవి ఏడు బళ్లు. ఏడు బళ్లకే మళ్లీ లెక్క వేసి కాగితాలు పట్టుకెళ్లాడు. ఏడింటికీ గిట్టుబాటే, ఆలస్యంగా గిట్టుతుంది అంతే.

కొండాయన మర్యాదగానే విన్నాడట. పదికి తక్కువైతే పథకంలో గడి లేదండీ అన్నాడట. నెలాఖరుకు చార్జర్లు తీసుకుపోతారు.

బండి అవసరమైన చోటికి వెళితే అది తప్పిపోయిన హాజరు. ఊరికే పడి ఉంటే మంచి హాజరు. ఆయన్ని ఏమనగలను? నా పుస్తకమూ అదే చెప్పింది.

సెప్టెంబరు 25, బుధవారం

తమ్ముడు నాతో పని మాటలే మాట్లాడుతున్నాడు.

సెప్టెంబరు 27, శుక్రవారం

ఈ రోజు కూడా తమ్ముడు అయిదో బండిలో వెళ్లాడు. ఎందుకురా అంటే పనుంది అన్నాడు. తిరిగి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఆదివారం మేం వెళ్లినప్పుడు అక్కడ కరెంటు పోయింది. నీకు చెప్పలేదు."

"ఊఁ."

"యంత్రాలన్నీ ఒక్కసారి కూత పెట్టాయి. లోపల పధ్నాలుగు మంది. జనరేటరు అందుకునేదాకా నర్సులు అటూ ఇటూ పరుగులు. ఆయమ్మ కళ్లు మూసుకుంది. నేను బయటికి వచ్చి చూస్తే మన బండి గేటు దగ్గర నిలబడి ఉంది అక్కా. సగం బ్యాటరీతో. ఆరు నుంచి తొమ్మిది దాకా కదలకుండా."

నేను చూస్తున్నాను.

"షెడ్డులోనే తగిలించాలని ఎవడన్నాడు?" అన్నాడు. గొంతు లేచింది. "ఈ రోజు లెక్కపెట్టాను. అక్కడికి వచ్చేవాళ్లలో ఆరుగురు అద్దె కార్లలో వస్తున్నారు. మన బళ్లు వాళ్లని తీసుకెళతాయి, అక్కడే నిలబడతాయి, కరెంటు పోతే ఇస్తాయి, పోకపోతే కొండాయనకి ఇస్తాయి. మళ్లీ ఇళ్లకి దింపుతాయి. నువ్వు దొంగచాటుగా చేస్తున్నదే. బోర్డు పెట్టి చేద్దాం."

"డయాలిసిస్ కేంద్రం వాళ్లేమన్నారు?"

వాడి మొహం వాడిపోయింది. "మంచి ఆలోచన, ఉత్తరం రాయండి, పైకి పంపుతాం అన్నారు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్లీ పైకి.

"ఉత్తరం నువ్వు రాయి," అన్నాడు. "నీ దస్తూరీ బాగుంటుంది." ఆగాడు. "కానీ ఈసారి నేను చదివాకే పంపుదాం."

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవలసిందే.

సెప్టెంబరు 30, సోమవారం

చార్జర్లు తీసుకుపోయారు. గోడకు పది చోట్ల మేకుల కన్నాలు మిగిలాయి. హాజరు పట్టిక తుడవబోతే తమ్ముడు వద్దన్నాడు. డయాలిసిస్ కేంద్రం నుంచి ఉత్తరానికి జవాబు లేదు. రెండు బళ్ల అమ్మకం సంగతి డిసెంబరులో తేల్చాలి. ఏమవుతుందో తెలియదు. ప్రార్థనలో బళ్లు నిలబెట్టమని అడగలేదు. ముందే నోరు తెరిచే బుద్ధినిమ్మన్నాను.

సాయంత్రం లాగ్ పుస్తకం తీశాను. పాత పేజీలు దిద్దాలనిపించింది. రెండేళ్ల 'షెడ్డులో'లు. దిద్దితే మళ్లీ శుభ్రంగా కనబడుతుంది. వదిలేశాను.

కొత్త పేజీ. తాత కిటికీ కింద నిలబడి, "అమ్మా, బయల్దేరుతున్నాం," అని అందరికీ వినబడేలా అరిచాడు. ఇన్నాళ్లూ అలా అరవలేదు. రాశాను:

అయిదో బండి. అయిదున్నర నుంచి తొమ్మిదిన్నర. షెడ్డులో లేదు.

ఎవరి అనుమతి: నాది.